రాయి నాళంలో ఎక్కడ ఆగింది?

ప్రతి ఏడాదీ మే నెలలో ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం మూత్రనాళంలో రాళ్ల గురించే ఉంటాయి. వరంగల్ ఎండల్లో ఒంట్లోని నీరంతా చెమటగా పోయి మూత్రం చిక్కబడుతుంది, రాళ్లు కదులుతాయి. ఈసారి మూడు ఉత్తరాలు ఎంచుకున్నాను. మొదటిదానికి జవాబు పొడుగ్గా ఉంటుంది. అదే సందేహం ఇంకా చాలామంది రాశారు.

ప్రశ్న: డాక్టరు గారూ, నమస్కారం. మా వారికి నలభై నాలుగేళ్లు. ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమస్తా. నెల కిందట అర్ధరాత్రి ఎడమ నడుములో నొప్పి మొదలై గజ్జల దాకా దిగింది, వాంతులు కూడా అయ్యాయి. సీటీ స్కాన్‌లో ఎడమ మూత్రనాళం పైభాగంలో 9 మిల్లీమీటర్ల రాయి ఉందనీ, కిడ్నీ కొంచెం ఉబ్బిందనీ రాశారు. రాయి గట్టిదనం అంకె 1150 అని ఉంది. ఒక ఆసుపత్రిలో మామూలు స్కోపుతో రాయిని కొట్టి తీసేస్తామన్నారు. ఇంకోచోట వంగే స్కోపు, లేజర్ కావాలన్నారు. ఖర్చు దాదాపు రెట్టింపు. డబ్బు కోసమే అలా చెబుతున్నారని మా మరిది అంటున్నాడు. ఏ స్కోపు మంచిది? పది రోజులుగా నొప్పి కూడా లేదు, అసలు ఆపరేషన్ అవసరమా?
పరకాల నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన ‘పది రోజులుగా నొప్పి కూడా లేదు’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. స్కోపుల సంగతి తర్వాత చెబుతాను, ముందు ఇది వినండి.

రాయి అడ్డుపడినప్పుడు వచ్చే నొప్పికి కారణం దాని వెనక నిలిచిపోయిన మూత్రం. ఆ ఒత్తిడికి కిడ్నీ, నాళం సాగుతాయి. అడ్డు అలాగే ఉండిపోతే కొన్నాళ్లకు ఆ కిడ్నీ మూత్రం తయారుచేయడమే తగ్గించుకుంటుంది. ఒత్తిడి తగ్గుతుంది, నొప్పీ తగ్గుతుంది. రాయి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. వర్ధన్నపేట వైపు నుంచి ఒక రైతు నా దగ్గరకు వచ్చారు. ఏడాది కిందట నొప్పి వచ్చి మూడు వారాల్లో పోయిందట, రాయి పడిపోయిందనుకున్నారు. రక్తపోటు పెరిగిందని పరీక్షలు చేయించుకుంటే రాయి నాళంలోనే కనిపించింది. ఆ వైపు కిడ్నీ ఎండిన కాయలా ముడుచుకుపోయి ఉంది. ఆ స్కాన్‌ను ఆయనకు చూపించడం నాకు ఎంత కష్టమైందో ఇప్పటికీ గుర్తుంది. కాబట్టి ఈ వారంలోనే మీ వారికి మళ్లీ స్కాన్ చేయించండి. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు వాటంతట అవే పడిపోతాయి. 5 నుంచి 10 మధ్యవి సగం కూడా పడవు. 9 మిల్లీమీటర్ల రాయి, అదీ పైభాగంలో ఆగినది, నెల దాటాక పడుతుందని ఎదురుచూడటం మంచిది కాదు. నాలుగు నుంచి ఆరు వారాలకు మించి ఏ రాయినీ అలా వదిలేయకూడదు. మధ్యలో చలిజ్వరం వస్తే తెల్లవారేదాకా కూడా ఆగవద్దు. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అలాంటప్పుడు రాయి జోలికి వెళ్లకుండా ముందు స్టెంట్, అంటే నాళం లోపల ఉంచే మెత్తని గొట్టం వేసో, నడుము పక్క నుంచి గొట్టం వేసో చీము పట్టిన మూత్రాన్ని బయటికి తీసేస్తారు. రాయిని తర్వాత తీస్తారు. ప్రాణం నిలిపేది ఆ వరసే.

ఇక స్కోపుల గురించి. మా నాన్న కాకతీయ కాలువ మీద లస్కర్‌గా, అంటే కాలువ నీళ్లు చూసుకునే ఉద్యోగిగా పనిచేశారు. నీళ్లు చివరి పొలానికి అందడం లేదని రైతులు వస్తే ఆయన మొదట అడిగేది ‘ఎక్కడిదాకా వస్తున్నాయి?’ అని. అడ్డు ఎక్కడుందో తెలిశాకే పార తీసుకుని కదిలేవారు. మూత్రనాళం విషయంలోనూ నేను మొదట అడిగే ప్రశ్న అదే. ఈ నాళం పొడవు సుమారు 25 సెంటీమీటర్లు, లోపలి వెడల్పు 3, 4 మిల్లీమీటర్లు. మూడుచోట్ల ఇంకా ఇరుకవుతుంది: కిడ్నీ నుంచి మొదలయ్యేచోట, కాలికి వెళ్లే పెద్ద రక్తనాళాల మీదుగా దాటేచోట, మూత్రాశయంలోకి దిగేచోట. రాళ్లు ఎక్కువగా వీటి దగ్గరే ఆగుతాయి.

మొదటి ఆసుపత్రివారు చెప్పిన మామూలు స్కోపు పేరు సెమీరిజిడ్. సన్నని లోహపు గొట్టం, కొస 2, 3 మిల్లీమీటర్ల లావు, కాస్త మాత్రమే వంగుతుంది. మూత్రమార్గం నుంచి మూత్రాశయంలోకి, అక్కడి నుంచి నాళంలోకి పంపుతారు. ఒంటి మీద కోత ఉండదు. గట్టి పరికరం, త్వరగా పాడవదు, నీళ్లు బాగా పారతాయి, చూపు స్పష్టంగా ఉంటుంది. రాయి నాళం కింది భాగంలో ఉంటే దీన్ని మించినది లేదు. అక్కడ వంగే స్కోపు వాడితే ఖర్చు పెరగడమే కాదు, అది నిలకడగా నిలవక మాటిమాటికీ మూత్రాశయంలోకి జారిపోతుంది కూడా.

పైభాగానికి వెళ్లేకొద్దీ పరిస్థితి మారుతుంది. నాళం కటి దగ్గర రక్తనాళాల మీదుగా ఎక్కి, నడుము కండరం మీద వంపు తిరుగుతుంది. మగవారిలో మూత్రమార్గం పొడవు, దారిలో ప్రోస్టేట్ ఉంటుంది. ఊపిరి తీసిన ప్రతిసారీ కిడ్నీ కిందికీ పైకీ కదులుతుంది. తిన్నని గొట్టం ఆ వంపుల్లో బలవంతంగా వెళితే గోడ చిరగవచ్చు. నాళం తెగి ఊడిరావడం చాలా అరుదు, కానీ మా వృత్తిలో అంతకంటే భయంకరమైనది ఇంకొకటి లేదు. బలం వాడవద్దు, వెళ్లకపోతే వెనక్కి రండి అని నేర్చుకునేవాళ్లకు నేను పదేపదే చెప్పేది అందుకే.

వంగే స్కోపు, అంటే ఫ్లెక్సిబుల్ స్కోపు, సుమారు 3 మిల్లీమీటర్ల లావుంటుంది. పిడి దగ్గరి మీటను నొక్కితే దాని కొస రెండు వైపులా 270 డిగ్రీల దాకా వెనక్కి తిరుగుతుంది. నాళం దాటి కిడ్నీ లోపలి గదుల్లోకి కూడా వెళ్లి చూడగలదు. కిడ్నీలో చేసే ఆ పనినే ఆసుపత్రుల్లో ఆర్‌ఐఆర్‌ఎస్ అంటారు. 2007లో అమెరికా, ఐరోపా యూరాలజీ సంఘాలు కలిసి అప్పటివరకు వచ్చిన ఫలితాలను పోగుచేశాయి. నాళం పైభాగంలోని రాళ్లు పూర్తిగా పోయింది వంగే స్కోపుతో 87 శాతం మందిలో, తిన్నని స్కోపుతో 77 శాతం మందిలో.

మీ మరిదికి ఈ అంకెలు చూపించండి. అయితే వంగే స్కోపుకూ ఇబ్బందులున్నాయి. చాలా సున్నితమైనది, లోపల లేజర్ తీగ విరిగినా, కొస ఎక్కువసార్లు వంచినా పాడవుతుంది. మరమ్మతు ఖరీదైన వ్యవహారం. ఒక్కసారి వాడి పారేసేవీ వచ్చాయి, అవీ చవక కాదు. మీకు చెప్పిన బిల్లు పెరగడానికి ఇదొక కారణం. కొందరిలో నాళం మరీ సన్నగా ఉండి స్కోపు ఎక్కదు. అప్పుడు స్టెంట్ వేసి రెండు వారాలు ఆగితే నాళం తానే వెడల్పవుతుంది, రెండోసారి సులువుగా వెళ్లవచ్చు. అలా ఆగిన డాక్టరును ‘చేతకాలేదు’ అనకండి. ఆగగలిగిన డాక్టరు చేతిలో మీ వారు క్షేమంగా ఉన్నట్టే.

మీ ఉత్తరంలో రెండు విషయాలు కలిసిపోయాయి, వాటిని విడదీస్తాను. స్కోపు అంటే చూసే కన్ను. రాయిని పగలగొట్టే సాధనం వేరే. ఆ సాధనాలు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి న్యుమాటిక్: గాలి ఒత్తిడితో ఒక సన్నని కడ్డీ రాయిని టకటకా కొడుతుంది. ఖర్చు తక్కువ, గట్టి రాయినీ పగలగొడుతుంది. కానీ ఆ కడ్డీ వంగదు కాబట్టి తిన్నని స్కోపులోనే పని చేస్తుంది, దెబ్బకు రాయి వెనక్కి, అంటే కిడ్నీ వైపు ఎగిరిపోవచ్చు. రెండోది హోల్మియం లేజర్. దాని తీగ మిల్లీమీటరులో మూడో వంతు కన్నా సన్నగా ఉంటుంది. ఆ కాంతిని నీరు వెంటనే పీల్చేసుకుంటుంది, అర మిల్లీమీటరు దాటి పోదు. అందుకే తీగ కొసను గోడకు దూరంగా పట్టుకుంటే రాయి పొడి అవుతుంది, నాళానికి దెబ్బ తగలదు. రాయిని వెనక్కి తోయడమూ తక్కువే. ముఖ్యమైన సంగతి: లేజర్ తీగ తిన్నని స్కోపులోనూ పడుతుంది. ‘మామూలు స్కోపు’ అంటే లేజర్ లేదని కాదు. మొదటి ఆసుపత్రివారు దేనితో కొడతారో అడగండి.

ఎందుకు అడగమంటున్నానో నా అనుభవం చెబితే తెలుస్తుంది. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో నేను పనిచేసిన చోట తిన్నని స్కోపు, న్యుమాటిక్ మాత్రమే ఉండేవి. ఒక బస్సు కండక్టరుకు నాళం పైభాగంలో 8 మిల్లీమీటర్ల రాయి. స్కోపు పైదాకా వెళ్లింది, రాయి కనిపించింది, సంతోషించాను. రెండో దెబ్బకు రాయి మాయమైంది. కిడ్నీలోకి ఎగిరిపోయింది. అక్కడికి వెళ్లే స్కోపు మా దగ్గర లేదు. స్టెంట్ వేసి బయటికి వచ్చాను. ఆయన భార్య వరండాలో టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడి ‘రాయి తీశారా అమ్మా?’ అని అడిగింది. లేదని చెప్పి, హైదరాబాద్‌కు చీటీ రాసిచ్చాను. ఆపరేషన్‌కు ముందే ‘రాయి పైకి జారవచ్చు, జారితే ఇక్కడ తీయలేం’ అని వాళ్లకు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఆ తప్పు నాదే. అప్పటి నుంచి ఆ మాట చెప్పకుండా ఏ పైభాగం రాయినీ ముట్టుకోలేదు.

మీరు రెండు ఆసుపత్రుల్లోనూ అడగవలసిన ప్రశ్న అదే: ‘రాయి కిడ్నీలోకి జారితే అదే మత్తులో ఏమి చేస్తారు?’ వంగే స్కోపు సిద్ధంగా ఉంది, వెంటనే దానితో తీస్తాం అంటే మంచి జవాబు. స్టెంట్ వేసి తర్వాత ఇంకోచోటికి పంపిస్తాం అని నిజాయితీగా చెబితే అదీ జవాబే, రెండోసారి ఖర్చు కూడా లెక్కలో వేసుకుని నిర్ణయించుకోండి. అలా జరగనే జరగదు అంటే మాత్రం లేచి వచ్చేయండి.

నేనైతే మీ వారికి ఇలా చేస్తాను. పూర్తి మత్తులో మొదట తిన్నని స్కోపుతో మెల్లగా వెళ్లి చూస్తాను. సులువుగా రాయి దాకా వెళితే లేజర్‌తో అక్కడే పొడి చేస్తాను. వెళ్లకపోయినా, రాయి జారినా, వంగే స్కోపు తీసుకుంటాను. అంటే వంగే స్కోపు గదిలో ఉండాలి, వాడతామా లేదా అన్నది లోపల తేలుతుంది. వాడకపోతే దాని ఖర్చు తగ్గిస్తారా అని ముందే అడిగి రాయించుకోండి. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ఏది పథకంలో వస్తుంది, ఏది మీరు కట్టాలి అన్నది ఆరోగ్యమిత్రతో మాట్లాడి తెలుసుకోండి. మూత్రంలో సూక్ష్మక్రిములు ఉన్నాయేమో చూసే కల్చర్ పరీక్ష లేకుండా ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి.

బయటి నుంచి తరంగాలతో రాయిని పగలగొట్టే పద్ధతి కూడా ఉంది. 10 మిల్లీమీటర్ల లోపు పైభాగం రాయికి అది సరైన పద్ధతే. కానీ గట్టిదనం 1000 దాటిన రాళ్లు దానికి సరిగా పగలవు. మీ వారిది 1150, పైగా నెలగా ఒకేచోట ఇరుక్కుంది. అందుకే స్కోపు వైపు మొగ్గుతున్నాను. వీపు వైపు నుంచి చిన్న రంధ్రం చేసి పైనుంచి నాళంలోకి దిగే పద్ధతి 15 మిల్లీమీటర్లు దాటి బాగా ఇరుక్కున్న రాళ్లకు, ఇక్కడ అక్కర లేదు.

ఈ కన్ను మనకు ఎలా దక్కిందో కూడా చెప్పాలనిపిస్తోంది. 1912లో అమెరికా వైద్యుడు హ్యూ హాంప్టన్ యంగ్ ఒక పసిబిడ్డకు పుట్టుకతో వచ్చిన అడ్డంకి వల్ల బాగా వెడల్పైన మూత్రనాళంలోకి మూత్రాశయ స్కోపును పంపి కిడ్నీ లోపలిదాకా చూశాడు. వంగే స్కోపును నాళంలోకి పంపిన సంగతి 1964లో విక్టర్ మార్షల్ ప్రకటించాడు. అది చూడటానికి మాత్రమే పనికొచ్చేది, కొసను మనం తిప్పలేం. కిడ్నీ దాకా అందే పొడవైన తిన్నని స్కోపును 1980లో స్పెయిన్ వైద్యుడు ఎన్రికే పెరెజ్ కాస్ట్రో తెచ్చాడు. అంతకు ముందు ఇలాంటి రాయికి పక్క కోసి నాళాన్ని చీల్చి తీసేవారు. మా నాన్నకు ఆ కోతే పడింది. జానెడు మచ్చ. నెలన్నర మంచం మీద ఉన్నారు.

ప్రశ్న: మా నాన్నకు రాయి తీసినప్పుడు లోపల డీజే స్టెంట్ వేశారు. నెలకు రమ్మన్నారు. పత్తి ఏరే పని, తర్వాత చెల్లి పెళ్లి, అలా పద్నాలుగు నెలలయింది. మూత్రం మంట తప్ప బాగానే ఉన్నారు. ఇప్పుడు వెళితే తిడతారేమోనని భయపడుతున్నారు.
జమ్మికుంట నుంచి ఒక పాఠకుడు

జవాబు: తిట్టినా సరే, ఈ వారమే తీసుకెళ్లండి. తిట్టరు లెండి, మీ నాన్నగారిని చూసి ముందు ఊపిరి పీల్చుకుంటారు.

స్టెంట్ అంటే రెండు కొసలూ మెలిక తిరిగిన మెత్తని గొట్టం. ఒక మెలిక కిడ్నీలో, ఒకటి మూత్రాశయంలో ఉంటుంది. ఆపరేషన్ తర్వాత నాళం వాచినా మూత్రం ఆగకుండా చూడటం దాని పని. మాటిమాటికీ మూత్రానికి పరుగెత్తడం, పోసేటప్పుడు నడుములో పోటు, కాస్త రక్తం కనిపించడం దానివల్లే. మామూలుగా కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో తీసేస్తారు, మూడు నెలలు దాటనివ్వకూడదు. దాటితే దాని మీద మూత్రంలోని లవణాలు పేరుకుని, గొట్టం చుట్టూ కొత్త రాయి పెరుగుతుంది.

ఒక్క హెచ్చరిక: పద్నాలుగు నెలల స్టెంట్‌ను ఎవరూ చూడకుండా లాగకూడదు. ముందు ఎక్స్‌రే లేదా సీటీ తీయాలి. శుభ్రంగా ఉంటే పది నిమిషాల పని. పైన రాయి పేరుకుని ఉంటే రెండు కొసలనూ లేజర్‌తో విడిపించాలి, ఒక్కోసారి రెండు మూడు విడతలు పడుతుంది. బలంగా లాగితే గొట్టం విరుగుతుంది, నాళం చిరుగుతుంది.

నా దగ్గర స్టెంట్లకు విడిగా ఒక రిజిస్టరు ఉంది. పేరు, వేసిన తేదీ, తీయవలసిన తేదీ, ఇద్దరి ఫోను నంబర్లు. ఆపరేషన్ చేయించుకున్నవారి నంబరు చాలదు, ఇంట్లో లెక్కలు చూసుకునే మనిషి నంబరు కూడా అడుగుతాను. ఇది చదివేవారి ఇంట్లో ఎవరికైనా స్టెంట్ ఉంటే ఇప్పుడే లేచి గోడ క్యాలెండరు మీద తీయించవలసిన తేదీ చుట్టూ గీత గీయండి.

ప్రశ్న: మా ఊళ్లో కొండపిండి ఆకు కషాయం తాగితే రాళ్లు కరుగుతాయంటారు. మా అమ్మకు 4 మిల్లీమీటర్ల రాయి ఉంది. తాగించవచ్చా? టమాటా, పెరుగు మానేయాలా?
ములుగు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మనకు ఎక్కువగా వచ్చేవి కాల్షియం ఆక్సలేట్ రాళ్లు. వాటిని కరిగించే ఆకు గానీ మాత్ర గానీ లేదు. యూరిక్ ఆమ్లం రాళ్లు మాత్రం మూత్రంలో పులుపు తగ్గించే మందులతో కరుగుతాయి, ఆ మందు డాక్టరే ఇవ్వాలి. కొండపిండి తాగినవారికి రాయి పడిందంటే నేను నమ్ముతాను. 4 మిల్లీమీటర్లది చాలావరకు తానే పడుతుంది, కషాయంతో పాటు చెంబెడు నీళ్లూ లోపలికి పోతాయి. మీ అమ్మగారికి కిడ్నీ ఉబ్బు లేకపోతే, జ్వరం లేకపోతే, నొప్పి మాత్రలతో కొన్ని వారాలు చూడవచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం ఏ కషాయమూ సొంతంగా తాగవద్దు.

టమాటా మానక్కర లేదు. పెరుగు అసలే మానవద్దు. అన్నంతో పాటు వెళ్లిన కాల్షియం పేగుల్లోనే ఆక్సలేట్‌ను పట్టుకుని బయటికి పంపేస్తుంది, పెరుగు మానితే రాళ్లు పెరుగుతాయి. తగ్గించవలసినది ఉప్పు, అంటే మన పచ్చళ్లు, వడియాలు, అప్పడాలు. చుక్కకూర, పాలకూర అప్పుడప్పుడు, అదీ పప్పులో వేసి, పెరుగన్నంతో తినండి. నిమ్మరసం మంచిది, అందులో ఉప్పు వేయకండి. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం రావాలి. మే నెలలో పొలానికో, మార్కెట్‌కో వెళ్లేవారికి మూడు లీటర్ల నీళ్లు కూడా చాలవు. చాలుతున్నాయో లేదో మూత్రం రంగు చెబుతుంది, ముదురు పసుపు కనిపిస్తే ఇంకో రెండు గ్లాసులు తాగాలి. పడుకునే ముందు ఒక గ్లాసు తప్పనిసరి.

అమ్మగారిని పాత టీ జల్లెడలో మూత్రం పోయమనండి. రాయి దొరికితే కడిగి, ఆరబెట్టి, కాగితంలో మడిచి తెచ్చివ్వండి. పరీక్షకు పంపితే అది ఏ రాయో తెలుస్తుంది, తర్వాత ఏమి తినాలో, ఏ మందు వాడాలో దాన్నిబట్టి చెబుతాను.